చలికి మొలిచే రెక్కలు

మొన్న మార్కెట్ యార్డులో పసుపు రైతులకు సదస్సు పెట్టారు. మధ్యాహ్నం భోజనం ఉందని ముందురోజే ఆటోలో మైకు పెట్టి చెప్పారు కనుక మా వాడకట్టు ముసలివాళ్లమంతా పొద్దున్నే తయారై వెళ్లాం. శాస్త్రం కోసం వెళ్లామని అబద్ధం చెప్పే వయసు మాకు ఎన్నడో దాటిపోయింది. తెల్లతెర మీద బొమ్మలు వేస్తూ ఒక కుర్ర శాస్త్రవేత్త, మెడకు టై బిగించుకుని చెమటలు కక్కుతూ, పేనుబంక గురించి గంటసేపు మాట్లాడాడు. మొక్కల లేత కొమ్మలకు గుంపులుగా అంటుకుని రసం పీల్చే ఆ ఆవగింజంత పురుగుల్లో కొన్నింటికి రెక్కలుంటాయనీ, కొన్నింటికి ఉండవనీ, రెండూ ఒకే తల్లి బిడ్డలేననీ, చలిలో పెరిగితే రెక్కలవి ఎక్కువవుతాయనీ, వెచ్చగా ఉంటే రెక్కలు లేనివే పుట్టుకొస్తాయనీ, ఈ సంగతి దేవుడు నిన్న రాత్రే తన ఒక్కడి చెవిలో చెప్పిపోయినట్టు చెప్పాడు. ముందు వరుస సోఫాల్లో కూర్చున్న నాయకులు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒక్కడైనా ఆ పురుగును వేలితో నలిపి చూసినవాడుంటే నేను పేరు మార్చుకుంటాను.

నాకు నవ్వు ఆగలేదు. పక్కనున్న నా కొడుకు మోచేత్తో పొడిచినా ఆగలేదు. ఆ పిల్లవాడిని చూసి నవ్వానని అందరూ అనుకున్నారు. అతడిని చూసీ నవ్వాను, కాని అంతకంటే ఎక్కువగా, ఇదే సంగతిని అరవై ఏళ్ల కిందట రెండు లాంతరు గాజుల్లో చూసి, చూసినదాన్ని నలుగురిలో చెప్పి, తెలివైనదాన్నని విర్రవీగిన ఒక పద్దెనిమిదేళ్ల మనిషిని చూసి నవ్వాను. ఆ మనిషి నేనే. నా తరం వాళ్లు ఇంకా నలుగురైదుగురు మిగిలి ఉంటే వాళ్లకైనా చెప్పుకుందామని ఇది రాస్తున్నాను. ఈ తరానికి పేనుబంక అంటే మందు డబ్బా మీది బొమ్మ, అంతకంటే ఏం తెలియదు, తెలుసుకోవాలన్న ఆశా లేదు.

నిజాం హాలీ సిక్కాలు నడిచిన కాలం అది, పెద్ద యుద్ధం ముగిసిన తరువాతి చలికాలం. ఆర్మూరు అంటే అప్పుడు గుట్ట కింద నాలుగు వాడలు, ఒక బజారు, బజారు నిండా పసుపు బండ్లు. మా నాయనవాళ్లు ముగ్గురన్నదమ్ములు. పెద్దనాయన ఇంటికి పెద్ద, బజారులో ఆయనకు పసుపు కమీషన్ దుకాణం. పసుపు కాడిని, అంటే కొమ్మును, విరిచి వాసన చూసి అది ఏ ఊరి పసుపో చెప్పగలనని ఆయన కోతలు కోసేవాడు. ఒకసారి మా నాయన మా సొంత చేని కాడినే చేతికిచ్చి అడిగితే, కళ్లు మూసుకుని, ముక్కుపుటాలెగరేసి, మాక్లూరు పసుపని తేల్చేశాడు. మా నాయన ఆ మాటకు నవ్వనైనా నవ్వలేదు. ఆయనకు అన్నగారంటే భయం, భయానికి గౌరవమని పేరు పెట్టుకుని జీవితమంతా గడిపాడు. ఆయనకు నేనొక్కదాన్నే సంతానం కనుక నాకు ఇల్లరికం పెళ్లి చేశారు. ఇల్లరికం వచ్చిన మా ఇంటాయన సంగతి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, పెద్దనాయన దగ్గితే ఆయన తుమ్మేవాడు.

చిన్నాయన కలరా గత్తరకు పోయాడు. ఆయన భార్య, మా చిన్నమ్మ, అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి, పిల్లల్లేరు. మొగుడు పోయిన ఆడది వాటా భూమిని బావగారి చేతుల్లో పెట్టి, వంటింట్లో ఒక మూల చూసుకుని, పెట్టింది తిని పడి ఉండాలన్నది అప్పటి మర్యాద. చిన్నమ్మ ఆ మర్యాదను పట్టించుకోలేదు. వాగును ఆనుకుని ఉన్న తన నాలుగెకరాలను తానే దున్నించుకుంది. దున్నించుకుంటే దున్నించుకుంది, విత్తే నాడు మొదటి పిడికెడు గింజలు కూడా తన చేత్తోనే వేసింది. ముత్తయిదువ చేత వేయించాల్సిన మొదటి గింజ విధవ చేత్తో పడిందని ఆ రోజు ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆ ఏడు ఆమెకు జొన్న మా కంటే బాగా పండింది, దాని గురించి మాత్రం ఎవరూ ఏ వేలూ ఎక్కడా వేసుకోలేదు.

మా చేను పైన, గుట్టను ఆనుకుని ఉండేది. ఆమె చేను కింద, వాగును ఆనుకుని. చలికాలం వేసే యాసంగి జొన్నకు చుట్టూ కుసుమ సాళ్లు వేయడం మా వైపు రివాజు. కుసుమకు ముళ్లుంటాయి కదా, పశువు మూతి పెట్టదు, కంచె వేసే పని తప్పుతుంది, పైగా ఇంటికి నూనె వస్తుంది. ఇంత తెలివైన ఏర్పాటును మన ముత్తాతలు ఎవరినీ అడగకుండా చేసుకున్నారు. కుసుమకు ఉన్న ఒకే ఒక్క తెగులు పేనుబంక. పుష్యమాసం చలికి కొమ్మ కొసలు నల్లబడి, ఆకులు జిగటలు కారి, చీమలు బారులు కట్టేవి. ఆ ఏడు చలి మరీ ఎక్కువగా ఉంది, వాగులో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయేవి, పేనుబంక కూడా అట్లాగే దండెత్తి వచ్చింది.

సరిగ్గా ఆ సమయానికి మా బావ దిగాడు. బావ అంటే పెద్దనాయన అల్లుడు. పట్నంలో మొక్కల చదువు చదివి వచ్చాడు. చివరి పరీక్ష తప్పాడన్న సంగతి మా అక్క నోరు జారేదాకా మాకెవరికీ తెలియదు. కోటు, బూట్లు, జేబులో ఇత్తడి పిడి ఉన్న భూతద్దం. ఆ భూతద్దంతో ఆయన పప్పులో రాయిని కూడా పరీక్షించి చూసి మరీ తీసి పక్కన పెట్టేవాడు, అక్కడున్న ఆడవాళ్లం గుడ్లప్పగించి చూడాలని. పెద్దనాయన ఆయన్ని చేల మీదికి తీసుకుపోయాడు. కుసుమ ముళ్లకు ప్యాంటు చిరుగుతుందని బావ చేలోకి దిగలేదు, గట్ల మీదనే తిరిగాడు. పైన మా పసుపు ఉడకబెట్టే పొయ్యిల దగ్గరి సాలులో ఒక కొమ్మ తుంచాడు, కింద వాగు ఒడ్డున చిన్నమ్మ సాలులో ఒక కొమ్మ తుంచాడు. మా కొమ్మ మీది పురుగులకు రెక్కలు లేవు, చిన్నమ్మ కొమ్మ మీది వాటిలో సగానికి పైగా రెక్కలున్నాయి. నడుమ ఉన్న సాళ్లలో ఎట్లా ఉందో చూడాలన్న ఆలోచన ఆ చదువుకు రాలేదు.

అంతే, తీర్పు అయిపోయింది. ఇవి రెండు వేరు వేరు జాతులట. రెక్కలవి అసలు తెగులట, రెక్కలు లేనివి వాటి వల్ల వచ్చిన కొసరట. రెక్కల జాతి చిన్నమ్మ చేలో పుడుతోందట. “రెక్కలున్నయి గీ చేన్లనే పుడుతున్నయ్, మామా. గిది సాఫ్ చేస్తె తప్ప మీ పంటకు బర్కత్ ఉండదు” అని బావ అంటుంటే పెద్దనాయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగింది. వాగు ఒడ్డు నేల మీద, అందులోని బావి మీద ఆయన కన్ను చిన్నాయన పాడె లేవకముందు నుంచే ఉంది. అక్కడ పసుపు పెడితే ఎట్లా ఉంటుందో లెక్కలు కట్టుకుంటూనే ఉన్నాడు. ఇన్నాళ్లూ విధవ చేతి గింజ దోషమని అంటే కులపెద్దల్లో కొందరు గొణిగేవాళ్లు. ఇప్పుడు దోషానికి భూతద్దం తోడు దొరికింది. పున్నమి వెళ్లిన మర్నాడు పెద్దలు కూర్చోవాలని, చిన్నమ్మ చేనును పెద్దనాయన సేద్యం కిందికి తేవాలని కబురు వెళ్లింది. పున్నమికి ఇంకా పదహారు రోజులున్నాయి.

ఆ పొద్దు నేను చిన్నమ్మ దగ్గరికి వెళ్లేసరికి ఆమె తన సాలు దగ్గర గొంతు కూర్చుని కొమ్మల్ని పరీక్షగా చూస్తోంది. భయపడిన మనిషిలా లేదు, ఎవరో తప్పుగా చెప్పిన పొడుపుకథను సరిచేస్తున్నట్టుంది. నేను బావ చెప్పిన రెండు జాతుల మాట చెబితే ఆమె ముక్కు చీదినట్టు ఒక నవ్వు నవ్వింది. “రెండు జాతులు గాదు, నీ తలకాయ గాదు. చలికి రెక్కలొస్తయి బిడ్డా. మీ కాడ పొయ్యి మండుతుంటది, గుట్ట బండ పొద్దుందాక కాగుతది, గా ఉడుకుల కూసోని తింటయి, ఎందుకు లేస్తయి? నా కాడ చలికి ఆగలేక లేసిపోతయి” అంది. నేను నమ్మలేదు. పురుగుకు చలి వేస్తే రెక్కలు రావడమేమిటని వాదించాను. నమ్మొద్దు, చూడు, అంది ఆమె.

అట్లా మొదలైంది మా పని. రెండు మట్టి ముంతల్లో రెండు కుసుమ మొలకలు పాతాం. పై సాలు మీది ఒకే ఒక్క ఆకు తెచ్చి, దాని మీదున్న రెక్కల్లేని తల్లుల్ని కోడి ఈక కొసతో ఎత్తి, ఇటు నాలుగు, అటు నాలుగు వదిలాం. పురుగు బయటికి పోకుండా, బయటిది లోపలికి రాకుండా రెండింటి మీదా లాంతరు గాజులు బోర్లించి, పైన పాత ధోవతి గుడ్డ కట్టాం. ఒక ముంతను మా పసుపు పొయ్యిలకు నాలుగు బారల దూరంలో, సెగ తగిలీ తగలని చోట పెట్టాం. రెండోదాన్ని వాగు ఒడ్డున ఆమె బావి గట్టు నీడలో పెట్టాం. మొక్కలు వాడకుండా ఆమె దానికి, నేను దీనికి రోజూ నీళ్లు చిలకరించేవాళ్లం.

ఆ పదిహేను రోజుల్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు వెచ్చబడుతుంది. పొద్దున ఆవిరి లేస్తున్న పసుపు కడాయిల వాసన, కడాయి మూతికి కప్పిన పసుపు ఆకుల మీంచి కారే నీళ్లు, బూడిదలో కాల్చిన గెనుసుగడ్డలు, వాటిని ఊదుకుంటూ తింటూ గాజులోకి తొంగి చూసే మేమిద్దరం. ఆ పురుగు గుడ్డు పెట్టదు, తల్లి కడుపులోంచి పిల్లే కాళ్లు ఆడిస్తూ బయట పడుతుంది. మగ పురుగు జాడే కనపడదు. ఆ మాట చిన్నమ్మ చెప్పినప్పుడు ఇద్దరం ఎందుకు అంతగా నవ్వామో నా తరం ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. బావ తన భూతద్దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. మాకు మా కళ్లే చాలాయి. నేను బడి మొహం చూసింది తక్కువ, ఆ తరువాత పుస్తకాలు చదవడం సొంతంగా నేర్చుకున్నాను, కాని ఒక విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా కళ్లారా నేర్చుకున్నది ఆ రెండు ముంతల దగ్గరే.

పొయ్యి దగ్గరి ముంతలో పిల్లలు వారం తిరక్కుండానే పెద్దవై, అవీ పిల్లల్ని పెట్టి, మొక్కను నల్లగా కప్పేశాయి. చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అంత కిక్కిరిసినా ఒకటీ అరా తప్ప వేటికీ రెక్కల్లేవు. వాగు దగ్గరివి నింపాదిగా పెరిగాయి. పదో రోజుకు వాటి భుజాల మీద చిన్న బుడిపెలు కనిపించాయి. పదమూడో రోజు పొద్దున చూస్తే కుబుసం విడిచి, తడి రెక్కల్ని వీపు మీద నిలబెట్టి ఆరబెట్టుకుంటున్నాయి, సగానికి పైగా. నేను కేక పెట్టాను. చిన్నమ్మ మాత్రం, తెలిసిందే కదా అన్నట్టు, గుడ్డ ముడి సరిచేసింది.

ఇక పెద్దల ముందు చెప్పడమే మిగిలింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొగుడి అన్న, అంటే బావగారి, ఎదుట మరదలు నిలబడకూడదు, నోరు విప్పకూడదు. ఆయన వస్తుంటే కొంగు లాక్కుని తలుపు చాటుకు పోవాలి, ఏమైనా చెప్పాలంటే ఇంటి ఆడపిల్ల నోటి గుండా చెప్పించాలి. భర్త పోయి ఎన్నేళ్లయినా ఈ కట్టు మారదు. కనుక చిన్నమ్మ తరఫున మాట్లాడాల్సింది నేను. ఆమె ఆ ముందు రోజు నన్ను కూర్చోబెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. “రెండు ముంతలల్ల ఒక్క ఆకు మీది పేనే ఏసినం, రెండు జాతులు గాదు, ఒక్కటే జాతి. గింతే చెప్పు. గీడికి ఆపు. అడిగినా ఎక్కువ చెప్పకు.” నేను తల ఊపాను. తల ఊపడంలో నాకు సాటి ఎవరూ లేరు.

పున్నమి మర్నాడు పొద్దున పెద్దనాయన ఇంటి వసారాలో గొంగళ్లు పరిచారు. అయిదుగురు పెద్దలు, పెద్దనాయన, నాయన, బావ. మా ఇంటాయన స్తంభానికి ఆనుకుని, స్తంభంలో కలిసిపోవాలని ప్రయత్నిస్తున్నాడు. చిన్నమ్మ లోపలి తలుపు చాటున. నేను రెండు ముంతలూ తెచ్చి నడుమ పెట్టి, ఒకే ఆకు మీది పురుగులివి, నాలుగు ఇటూ నాలుగు అటూ వేశాం, ఇవన్నీ వాటి పిల్లలే, జాతి ఒకటే, అని చెప్పాను. బావ భూతద్దం తీసి ఒకదాన్ని చూశాడు, రెండోదాన్ని చూశాడు, మళ్లీ మొదటిదాన్ని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. పెద్దల్లో ఒకాయన, అల్లుని మాట తప్పు పడ్డట్టుంది గదా అని పెద్దనాయన వైపు తిరిగాడు కూడా. అక్కడితో నేను ఆగి ఉంటే చిన్నమ్మ చేను చిన్నమ్మదే.

ఆగలేదు. బావ ఎర్రబడ్డ చెవులు చూసేసరికి నాకు ఆకలి పుట్టింది, ఇంకా ఎర్రబడితే చూడాలని. ఇన్ని రోజులూ ఆ మనిషి కోటూ, బూట్లూ, పప్పులో రాళ్లూ భరించాను; ఆయనకు తెలియనిది నాకు తెలుసని ఆయన మామగారి ముందే చూపించే అవకాశం మళ్లీ దొరకదు. నన్నెవరూ అడగలేదు. అయినా చెప్పాను, చేతులు తిప్పుతూ, గొంతు పెంచి, ఇప్పుడు ఆ టై పిల్లవాడు చెప్పినట్టే చెప్పాను. ఒకే జాతి అయినప్పుడు ఒకదానికి రెక్కలెందుకొచ్చాయో మీ చదువులో లేదా బావా, అని మొదలుపెట్టి, ఈ ముంత పొయ్యి దగ్గర ఉంది కనుక రెక్కల్లేవు, ఆ ముంత వాగు దగ్గరి చలిలో ఉంది కనుక రెక్కలొచ్చాయి, గుట్ట కింద మన చేను వెచ్చన, వాగు పక్కన చిన్నమ్మ చేను చల్లన, అందుకే అక్కడ రెక్కలు, ఇక్కడ లేవు, అని పూసగుచ్చినట్టు వివరించాను. తలుపు చాటున గాజుల చప్పుడు లేని ఆ చెయ్యి గడపను రెండుసార్లు తట్టింది. విన్నాను. విననట్టు ముగించాను.

బావ భూతద్దాన్ని జేబులో పెట్టుకుని లేచాడు, చెవుల ఎరుపు దిగిపోయింది. “బస్, సాబిత్ అయిపోయింది. నేను జెప్పింది గదే గదా. రెక్కలున్నయి గా చేన్లనే పుడుతున్నయ్. ఎందుకు పుడుతున్నయో గీ పిల్లనే జెప్పింది” అన్నాడు. పెద్దనాయన తొడ చరిచాడు. నేల చల్లన, చల్లని నేలలో కుసుమా జొన్నా వేస్తే రెక్కల పురుగు లేచి ఊరి మీద పడుతుంది, ఆ నేలకు పసుపు పెట్టడమే మందు, ఆడమనిషి చేత పసుపు సేద్యం కాదు, కనుక చేను నేను చూసుకుంటాను, ఆమెకు తిండికి లోటు రానియ్యను, అన్నాడు. ఒక్కొక్క మాటా ముందు మాటకు అతుక్కునే ఉంది, అదే దాని దిక్కుమాలినతనం. పెద్దలు తలలూపారు. ఇంటి ఆడపిల్లే సాక్ష్యం చెప్పాక ఇంకేం కావాలని ఒకాయన నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. మా నాయన నేల చూశాడు.

అప్పుడు చిన్నమ్మ తలుపు దాటి వసారాలోకి వచ్చింది. కొంగు తల మీద ఉంది కాని ముఖం మీద లేదు. పెద్దనాయన ముఖంలోకి చూసి మాట్లాడింది, ఆ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదటిసారి, అదే చివరిసారి. “కూసున్న కాడ్నే కూసోని ఊరంత పీల్చి తినేటియి మంచియి, తిననియ్యక లేసిపోయేటియి చెడ్డయా?” అంది. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉందా లేదా అని ఒక్కరూ ఆలోచించలేదు. మరదలు బావగారితో ముఖాముఖి మాట్లాడిందన్న దానికే అందరూ నోళ్లు తెరిచారు. పెద్దనాయన గోడ వైపు తిరిగి, చూశారు కదా ఈమె వరస, అన్నాడు. అంతటితో మిగిలిన ఒకరిద్దరి అనుమానం కూడా తీరిపోయింది.

చిన్నమ్మ నాలుగో రోజున ఆలూరు వెళ్లిపోయింది, తమ్ముడింటికి. పూత మీదున్న కుసుమను కోసుకోనియ్యలేదు. పెద్దనాయన దాన్ని పీకించి, తెగులు నాశనం కావాలని కుప్పపోసి కాల్పించాడు. మా పై సాలు కూడా మరుసటి ఏడు తీసేయించాడు, రెక్కల పురుగు వచ్చి దాని మీదే వాలుతోందని బావ ఉత్తరం రాశాడట. ముళ్ల సాలు లేని జొన్నలోకి ఊరి పశువులన్నీ పండుగకు వచ్చినట్టు వచ్చి మేసిపోయాయి. ఆ సంగతి చెబుదామని బావకు కబురు పెడితే ఆయనకు పట్నంలో రైతులకు సలహాలిచ్చే నౌకరీ దొరికిందని తెలిసింది. ఇంతకంటే ఏమని తిట్టను?

మూడు నాలుగేళ్లకు ఒక పెళ్లికి ఆలూరు వెళ్లి, వెతుక్కుంటూ ఆమె దగ్గరికి పోయాను. తమ్ముడి ఇంట్లో లేదు. ఊరి చివర ఎవరిదో బీడు కౌలుకు పట్టి జొన్న వేసింది, చుట్టూ కుసుమ సాళ్లు. నన్ను చూసి గట్టు మీద కూర్చోబెట్టి, పచ్చి జొన్న కంకి కాల్చి నలిపి చేతిలో పోసింది. నేను ఏడ్చాను. అబద్ధమేమీ చెప్పలేదు కదా చిన్నమ్మా, నిజమే కదా చెప్పాను, అని ఆ ఏడుపులో కూడా నన్ను నేను వెనకేసుకొచ్చాను. ఆమె నా వీపు నిమిరి, “నిజమే జెప్పినవ్ బిడ్డా. అబద్ధమైతె నేను గెలుద్దును. నిజం ఎవ్వని చేతుల పెడుతున్నమో చూసుకోవాలె, గదే నువ్వు చూసుకోలె” అంది. తరువాత ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు. కుసుమకు ఈసారి పేనుబంక తక్కువగా ఉందని, చలి ఆలస్యంగా వచ్చిందని చెప్పింది.

ఇప్పుడు ఆ చలే లేదు. మన చిన్నప్పుడు పుష్యమాసంలో దంతాలు కొట్టుకునేవని చెబితే మనుమలు నమ్మరు. పోచంపాడు కాలువ వచ్చింది, వాగు మురికి కాలువైంది, పసుపు ఆవిరి యంత్రాల్లో ఉడుకుతోంది, గుట్ట కింద మా జొన్నచేలో ఇళ్లు లేచాయి. కుసుమ సాలు వేసేవాడు కనుచూపు మేరలో లేడు. పేనుబంక మాత్రం ఉంది, మక్కజొన్న మీదా, చిక్కుడు మీదా, ఏడాదంతా హాయిగా ఉంది. రైతులు దానికి మందు కొట్టి, కొట్టినట్టు ఫోటో తీసి, ఇంకో మందు ఏదని షాపువాణ్ణి అడుగుతారు. ఒక పురుగు దగ్గర పదిహేను రోజులు కూర్చునే ఓపిక ఏ మనిషికీ లేదు, దాని మీద జీతం తీసుకునేవాళ్లకు అసలే లేదు.

ఇంతమందిని ఇంత సులువుగా తూలనాడుతున్నాను, ముసలితనానికి ఉన్న ఒకే ఒక్క సుఖం అది. పెద్దనాయన దురాశ, బావ అజ్ఞానం, నాయన పిరికితనం, ఎవరి వాటా వాళ్లకు పంచి పెట్టాను. నా వాటా కూడా చెప్పకపోతే పంపకం తెగదు. వసారాలో వాగడం నా తప్పని చాలా ఏళ్లు అనుకున్నాను, దానికి వయసును సాకు చెప్పుకున్నాను. అది చిన్న తప్పే. పెద్దనాయన పోయాక ఆస్తి పంచుకున్నప్పుడు వాగు ఒడ్డు నాలుగెకరాలు మా నాయనకు వచ్చాయి, నాయన తరువాత నాకు. అప్పటికి చిన్నమ్మ బతికే ఉంది, ఆలూరులో పరాయి చేను కౌలుకు చేసుకుంటూనే ఉంది, ఆ తరువాత ఇంకా పదకొండేళ్లు బతికింది. బస్సెక్కితే గంట కూడా పట్టని దూరం. ఆమె బావిలోంచి నీళ్లు తోడుకుని, ఆమె నేలలో పసుపు పండించుకుని, ఆ పసుపుతో పిల్లల పెళ్లిళ్లు చేసుకున్నాను. అడగకముందే అంత గొంతు లేచిన దాన్ని, ఈ చేను నీదే చిన్నమ్మా తీసుకో అన్న ఒక్క మాటకు మాత్రం, ఆ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.